మునిగే ముందు అట్లాసు తెరవండి!

పిల్లలూ! "ప్రపంచంలో నీకు నచ్చిన చోట సముద్రంలోకి దిగి, అడుగున ఏముందో చూసి రా. ఖర్చంతా మాది" అని ఎవరైనా మీతో అన్నారనుకోండి. ఎక్కడికి వెళ్తారు?

"రంగురంగుల చేపలుండే చోటికి" అంటారు మీలో చాలామంది. బాగానే ఉంది. కానీ ఆ చేపలు ఎక్కడుంటాయి? ఏ నెలలో వస్తాయి? అక్కడి నీళ్ళలో చూపు ఎంత దూరం ఆనుతుంది? ఎంత లోతుకు దిగవచ్చు? దిగినవాళ్ళు క్షేమంగా పైకి రావాలంటే ఏం చెయ్యాలి? నేలమీద యాత్రకు వెళ్ళేవాళ్ళు రైలు వేళలూ, బసా చూసుకుంటే సరిపోతుంది. నీటి అడుగుకు వెళ్ళేవాళ్ళు ఈ ప్రశ్నలన్నీ వేసుకోవాలి. లేకపోతే యాత్ర వృథా కావచ్చు. ఒక్కోసారి ప్రాణం మీదికే రావచ్చు.

గమ్మత్తేమిటంటే, ఈ ప్రశ్నల జవాబులు చాలావరకు మీ భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, భూగోళం పాఠాల్లోనే ఉన్నాయి. కనుక పైసా ఖర్చు లేకుండా మనమే ఒక యాత్రకు పథకం వేద్దాం. అట్లాసు, పెన్సిలు, ఒక తెల్లకాగితం తెచ్చుకుని కూర్చోండి.

వీపున గాలి మూట

పూర్వం ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళు ఊపిరి బిగబట్టి దిగేవాళ్ళు. రెండు మూడు నిమిషాల్లో పైకి రావలసిందే. 1943లో ఫ్రాన్సులో జాక్ ఈవ్ కూస్తో అనే నౌకాదళ అధికారి, ఎమీల్ గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి ఈ ఇబ్బందికి ఒక మంచి ఉపాయం కనిపెట్టారు. వీపున సిలిండరు, దానికో చిన్న కవాటం, అక్కణ్ణుంచి నోట్లో కరచి పట్టుకునే గొట్టం. మనం గాలి పీల్చినప్పుడే ఆ కవాటం తెరుచుకుంటుంది. అంతేకాదు, చుట్టూ ఉన్న నీరు ఎంత పీడనంతో నొక్కుతుందో సరిగ్గా అంత పీడనంతోనే గాలిని అందిస్తుంది. ఇలా గాలిని వెంట తీసుకుని మునగడాన్నే స్కూబా డైవింగ్ అంటారు.

ఆ సిలిండరులో ఉండేది ప్రాణవాయువు అని చాలామంది అనుకుంటారు. కాదు. సాధారణంగా ఉండేది మనం పీల్చే మామూలు గాలే. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా నత్రజని. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తరవాత అవసరం పడుతుంది.

మొదటి ప్రశ్న: ఎంత లోతు?

మన నెత్తిమీద ఉన్న గాలి బరువంతా కలిపి ఒక వాతావరణ పీడనం. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఇంకో వాతావరణం దానికి తోడవుతుంది. అంటే 10 మీటర్ల లోతున రెండు, 20 మీటర్ల లోతున మూడు, 30 మీటర్ల లోతున నాలుగు. ఇది అండమాన్‌లోనైనా అంతే, ఆస్ట్రేలియాలోనైనా అంతే. చోటు మారినా పీడనం మారదు.

పీడనం పెరిగితే వాయువు ఘనపరిమాణం తగ్గుతుందని బాయిల్ నియమం చెబుతుంది. కనుక లోతున పీల్చే ప్రతి ఊపిరిలోనూ గాలి చిక్కగా ఉంటుంది, సిలిండరు త్వరగా ఖాళీ అవుతుంది. ఎంత త్వరగానో లెక్క వేద్దాం.

12 లీటర్ల సిలిండరులో 200 వాతావరణాల పీడనంతో గాలి నింపారు. బయటికి వదిలితే అది 2,400 లీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 600 లీటర్లు, ఎప్పుడూ అత్యవసరానికి దాచుకోవాలి. మిగిలింది 1,800 లీటర్లు. మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. నీటి మట్టం దగ్గర ఆ గాలి 90 నిమిషాలు వస్తుంది. 10 మీటర్ల లోతున 45 నిమిషాలు. 20 మీటర్ల లోతున 30 నిమిషాలు. 30 మీటర్ల లోతున ఇరవై రెండున్నర నిమిషాలే. చూశారా! లోతుకు వెళ్ళేకొద్దీ చూసే సమయం కరిగిపోతుంది.

పైకి వచ్చేటప్పుడు దీనికి వ్యతిరేకం జరుగుతుంది. 10 మీటర్ల లోతున నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు అంత సాగలేవు, చిరిగిపోతాయి. అందుకే స్కూబా పాఠాల్లో మొదటి సూత్రం: నీటి కింద ఎన్నడూ ఊపిరి బిగబట్టకూడదు.

కాబట్టి లోతైన చోటే గొప్ప చోటనుకోవద్దు. మొదటి శిక్షణ పూర్తిచేసిన పెద్దవాళ్ళకు 18 మీటర్లు హద్దు. ఇంకా నేర్చినవాళ్ళకు 30. వినోదం కోసం దిగేవాళ్ళెవరూ 40 మీటర్లు దాటకూడదు. పది, పదకొండేళ్ళ పిల్లలకైతే శిక్షకుడు పక్కన ఉన్నా 12 మీటర్లే.

ఇప్పుడు అట్లాసులో మధ్య అమెరికా చూడండి. బెలిజ్ అనే చిన్న దేశం కనిపించిందా? దాని తీరానికి దూరంగా సముద్రంలో గ్రేట్ బ్లూ హోల్ అనే గుండ్రటి నీలపు గుంట ఉంది. దాదాపు 300 మీటర్ల వెడల్పు, 120 మీటర్లకు పైగా లోతు. మంచుయుగంలో సముద్రమట్టం బాగా కిందికి దిగినప్పుడు అది పొడి నేలమీద సున్నపురాయి గుహ. తరవాత పైకప్పు కూలింది, సముద్రం నిండింది. గుహ కప్పునుంచి వేలాడే రాతి ఊడలు ఇప్పటికీ అక్కడున్నాయి. కానీ అవి మొదలయ్యేది 40 మీటర్ల దరిదాపుల్లో! కొత్తగా నేర్చినవాళ్ళు పేరు విని అక్కడికి వెళ్తే చూడవలసింది చూడలేరు, చూడాలని దిగితే ప్రమాదం. కాగితం మీద బెలిజ్ ఎదుట "అనుభవం వచ్చాక" అని రాసుకోండి.

గోళీ సోడా చెప్పే పాఠం

గోళీ సోడా కొట్టడం చూశారు కదా! గోళీ బిగుసుకుని ఉన్నంతసేపూ సీసాలో నీళ్ళు నిశ్చలంగా ఉంటాయి. గోళీ లోపలికి నొక్కగానే బుస్సుమని పొంగుతుంది. ఎందుకని? పీడనం ఎక్కువగా ఉన్నప్పుడు నీటిలో వాయువు ఎక్కువ కరుగుతుంది. పీడనం ఒక్కసారి తగ్గితే కరిగిన వాయువు బుడగలై బయటపడుతుంది. ఇదే హెన్రీ నియమం.

లోతున ఈదే మనిషి ఒళ్ళు కూడా మూత బిగించిన సోడా సీసాలాంటిదే. అతడు పీల్చే గాలిలోని నత్రజని రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతూ పోతుంది. మెల్లగా పైకి వస్తే అది ఊపిరితిత్తుల ద్వారా నిదానంగా వెళ్ళిపోతుంది. తొందరపడి వస్తే ఒంట్లోనే బుడగలు కడతాయి. కీళ్ళలో విపరీతమైన నొప్పి పుడుతుంది. వెన్నుపాములో బుడగ చేరితే కాళ్ళు పడిపోవచ్చు. అందుకే డైవర్లు నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకి వస్తారు, 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగి మరీ వస్తారు.

యాత్రకు రోజులు లెక్క వేసేటప్పుడు కూడా దీన్ని మరిచిపోకూడదు. విమానం లోపలి పీడనం నేలమీద ఉన్నంత ఉండదు. రెండు వేల మీటర్ల ఎత్తున్న కొండమీద ఎంత ఉంటుందో సుమారు అంతే. పొద్దున సముద్రంలో మునిగి మధ్యాహ్నం విమానం ఎక్కితే ఏమవుతుంది? సోడా మూత తీసినట్టే! కనుక చివరిసారి మునిగాక 18 నుంచి 24 గంటలు ఆగాలి. ఐదు రోజుల యాత్రలో మునిగేది నాలుగు రోజులే. ఐదో రోజు ఒడ్డున గవ్వలు ఏరుకోవాలి.

రెండో ప్రశ్న: నీరు ఎంత తేట?

రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోయండి. ఒకదానిలో చెంచాడు ఒండ్రుమట్టి కలపండి. చీకటి గదిలో రెండింటి వెనకా టార్చిలైటు వేసి చూడండి. ఇంకేం చెప్పక్కరలేదు, జవాబు మీ కళ్ళ ముందే ఉంటుంది.

మన ఆంధ్ర తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఎండకు లోటు లేదు, నీళ్ళు వెచ్చనే. అయినా అండమాన్‌లో ఉన్నట్టు పెద్ద పగడపు దిబ్బలు ఇక్కడ ఎందుకు లేవు? అట్లాసు చూడండి. గోదావరి, కృష్ణ ఏటేటా తెచ్చిపోసే ఒండ్రే మనకు డెల్టాలను ఇచ్చింది, వరిచేలను ఇచ్చింది. అదే ఒండ్రు తీరపు నీటిని మసక చేస్తుంది. పైన గంగా, బ్రహ్మపుత్ర, మహానది కూడా ఇదే పని చేస్తాయి. పగడాలకు ఎండ కావాలి, బురద పడదు. మంచినీరు ఎక్కువగా కలిసినా పడదు. విశాఖపట్నం దగ్గర రాళ్ళ తీరంలో స్కూబా నేర్పుతారు, చేపలూ కనిపిస్తాయి. కానీ అద్దంలాంటి నీళ్ళు అన్ని రోజులూ దొరకవు. అండమాన్ దీవులూ బంగాళాఖాతపు అంచునే ఉన్నాయి కదా అంటారేమో. అవి ఈ పెద్ద నదుల ముఖద్వారాలకు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అదీ తేడా.

ఇప్పుడు ఎర్రసముద్రం మీద వేలు పెట్టండి. రెండు పక్కలా ఎడారి. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ అందులో కలవదు. వాన అరుదు. ఒండ్రు లేదు కనుక నీరు తేట. ఎండకు ఆవిరై ఉప్పదనం మాత్రం ఎక్కువ. లీటరుకు 40 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది, మామూలు సముద్రంలో 35. ఉప్పు ఎక్కువైతే సాంద్రత ఎక్కువ, మనిషి ఇంకా తేలికగా తేలుతాడు. అందుకని నడుముకు ఇంకాస్త సీసం కట్టుకుంటే గాని మునగలేడు! ఈజిప్టులో సినాయ్ ద్వీపకల్పం కొసన ఉన్న రాస్ మొహమ్మద్ 1983 నుంచి రక్షిత ప్రాంతం. అక్కడికి దగ్గర్లోనే థిసిల్‌గార్మ్ అనే బ్రిటిష్ ఓడ, 1941 అక్టోబరు 6న జర్మన్ విమానాల బాంబులకు మునిగినది, 30 మీటర్ల లోతున ఉంది. అందులోని మోటారు సైకిళ్ళు, లారీలు నేటికీ కనిపిస్తాయి.

ఇంతకన్నా తేట నీరు ఇంకోటుంది. ఐస్‌లాండ్‌లోని సిల్‌ఫ్రా. హిమానీనదం కరిగిన నీరు దశాబ్దాల పాటు లావా రాళ్ళ గుండా ఇంకి, వడగట్టుకుని అక్కడ ఊరుతుంది. వంద మీటర్ల అవతల వస్తువు కూడా కనిపిస్తుంది! ఉత్తర అమెరికా ఫలకం, యురేషియా ఫలకం ఏటా సుమారు 2 సెంటీమీటర్లు దూరం జరిగే చోట ఏర్పడిన పగులు అది. భూగోళం పాఠం మధ్యలో ఈదినట్టే. కాకపోతే నీటి ఉష్ణోగ్రత 2 నుంచి 4 డిగ్రీలు. చేపలు దాదాపు కనిపించవు.

తేట నీటిలోనైనా రంగులన్నీ కనిపించవు. నీరు ఎర్రకాంతిని ముందుగా మింగేస్తుంది. పది మీటర్ల లోతుకే ఎర్రచేప బూడిదరంగులో కనిపిస్తుంది. టార్చి వేస్తే మళ్ళీ ఎరుపు!

మూడో ప్రశ్న: ఎంత వెచ్చన?

నీరు మన ఒంటి వేడిని గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. 27 డిగ్రీల గదిలో హాయిగా కూర్చుంటాం. 27 డిగ్రీల నీటిలో గంటసేపు ఉంటే పళ్ళు టకటకమంటాయి. అందుకే డైవర్లు రబ్బరు దుస్తులు వేసుకుంటారు. సిల్‌ఫ్రాలోనైతే నీరు చొరబడని ప్రత్యేకమైన దుస్తులు ఉండాలి.

పగడాల సంగతి ఇంకా సున్నితం. పగడం రాయి కాదు, మొక్కా కాదు. సున్నపు ఇల్లు కట్టుకునే చిన్న జంతువు. దాని ఒంట్లో కంటికి కనిపించని శైవలాలు కాపురముంటాయి. అవి ఎండతో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. పగడం వాటికి నీడనిస్తుంది. పగడానికి రంగు కూడా చాలావరకు వాటివల్లే. దిబ్బలు కట్టే పగడాలకు నీరు 18 డిగ్రీలకన్నా చల్లగా ఉండకూడదు. అందుకే అట్లాసులో భూమధ్యరేఖకు అటూ ఇటూ 30 డిగ్రీల అక్షాంశాల దాకా రెండు గీతలు గీస్తే, ప్రపంచంలోని పగడపు దిబ్బలు ఇంచుమించు అన్నీ ఆ పట్టీలోనే పడతాయి.

ఆ పట్టీలో ఇండొనీషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, తూర్పు తిమోర్, పాపువా న్యూగినీ, సాలమన్ దీవులు కలిపి ఒక చుట్టు గీయండి. దీన్ని పగడాల త్రిభుజం అంటారు. ప్రపంచంలోని పగడపు జాతుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ఇక్కడే ఉన్నాయి. జీవవైవిధ్యం చూడాలనుకునేవాళ్ళకు దీన్ని మించిన చోటు లేదు.

అలాగని భూమధ్యరేఖ మీద ఉన్న చోటల్లా వెచ్చగా ఉంటుందని అనుకోకండి. పసిఫిక్‌లో గలాపగోస్ దీవులు సరిగ్గా ఆ రేఖ మీదే ఉన్నాయి. 1835లో డార్విన్ వెళ్ళిన దీవులే అవి. దక్షిణం నుంచి హంబోల్ట్ చల్లని ప్రవాహం వస్తుంది. పడమటి నుంచి లోతున వచ్చే ఇంకో ప్రవాహం దీవులకు తగిలి పైకి లేస్తుంది. జూన్ నుంచి నవంబరు దాకా నీరు 20 డిగ్రీలకన్నా కిందికి కూడా దిగుతుంది. కింది నీటితో పోషకాలు పైకి వస్తాయి. వాటితో ప్లవకాలు, ప్లవకాలతో చిన్న చేపలు, చిన్న చేపలతో సుత్తితల సొరచేపల గుంపులు! ఆహార శృంఖలం పాఠం మొత్తం అక్కడ చూడవచ్చు. నీరు మాత్రం కాస్త మసకగా, ప్రవాహం ఉధృతంగా ఉంటుంది. ఇదీ అనుభవం వచ్చాకే.

నాలుగో ప్రశ్న: ఏ నెల?

మనకు వానలు తెచ్చే రుతుపవనాలే మాల్దీవుల్లో చేపల దారిని కూడా నిర్ణయిస్తాయి. నైరుతి గాలుల కాలంలో ప్రవాహం పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. ప్లవకాలు దీవుల తూర్పు వైపు చేరతాయి. వాటిని తినడానికి మాంటా అనే పెద్ద చేపలు, రెక్కలు చాచిన గద్దల్లా, అటువైపే వస్తాయి. హనిఫారు అనే చిన్న అఖాతంలో ఒక్కోసారి పదుల సంఖ్యలో సుడి తిరుగుతూ మేస్తాయి. ఈశాన్య గాలులు మొదలైతే ప్రవాహం తిరగబడుతుంది, మాంటాలూ పడమటి వైపుకు పోతాయి. అదే దీవికి తప్పు నెలలో వెళ్తే నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు.

అండమాన్, లక్షదీవులకు వెళ్ళేవాళ్ళు దీనికి భిన్నంగా నైరుతి కాలాన్ని తప్పించుకోవాలి. ఆ నెలల్లో సముద్రం అల్లకల్లోలం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీరు ప్రశాంతంగా, వెచ్చగా, తేటగా ఉంటుంది. కొత్తవాళ్ళు తక్కువ లోతున నేర్చుకోవడానికి మన దేశంలో ఇవే మంచి చోట్లు.

చివరి ప్రశ్న: ఆ చోటు ఇంకా ఉంటుందా?

ఇంతవరకూ చెప్పిన లెక్కలన్నీ ప్రకృతి ఎప్పటిలాగే ఉంటుందన్న నమ్మకం మీద వేసినవి. ఇప్పుడు ఆ నమ్మకానికే దెబ్బ తగులుతోంది.

పగడాలకు చల్లదనమే కాదు, వేడి ఎక్కువైనా పడదు. వేసవిలో ఉండే గరిష్ఠ ఉష్ణోగ్రతకన్నా నీరు ఒక్క డిగ్రీ ఎక్కువై, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం తన ఒంట్లోని శైవలాలను బయటికి వెళ్ళగొడుతుంది. రంగుపోయి తెల్లబారుతుంది. త్వరలో నీరు చల్లబడితే కోలుకుంటుంది. లేకపోతే ఆకలితో చస్తుంది. ఆస్ట్రేలియాలో 2,300 కిలోమీటర్ల పొడవున్న గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరాల్లో పెద్ద ఎత్తున ఇలా జరిగింది. 2016 నుంచి ఆ సంవత్సరాల మధ్య దూరం ఎంత తక్కువగా ఉందో మీరే తీసివేసి చూడండి. కోలుకునే వ్యవధి తగ్గిపోతోందన్నమాట. 2023 జనవరి నుంచి 2025 మార్చి లోపల ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 84 శాతానికి ఈ స్థాయి వేడి తగిలిందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు.

సముద్రం వేడెక్కడానికి ముఖ్య కారణం మనం కాల్చే బొగ్గు, చమురు. ఒక్క డైవరు దాన్ని ఆపలేడు. కానీ తన చేతిలో ఉన్నది చెయ్యవచ్చు. పగడాన్ని ముట్టుకోకూడదు. కాలితో తన్నకూడదు. ఒక దిబ్బకు ఎంతమందిని పంపాలో హద్దు పెట్టిన చోటునే ఎంచుకోవాలి. పసిఫిక్‌లోని పలావు అనే బుల్లి దేశం 2009లో తన సముద్రంలో సొరచేపల వేటను నిషేధించింది. పగడాలకు హాని చేసే రసాయనాలున్న ఎండ క్రీములను 2020 నుంచి నిషేధించింది. చోటును ఎంచుకునేటప్పుడు అక్కడివాళ్ళు దాన్ని ఎలా చూసుకుంటున్నారో అడగడం కూడా మన పనే.

మీరే చెయ్యండి

కాగితం మీద ఆరు గళ్ళు గీయండి: చోటు, లోతు, తేటదనం, వెచ్చదనం, నెల, కాపాడుకునే తీరు. పైన చెప్పిన చోట్లన్నీ అందులో నింపండి. తరవాత వీటికి జవాబులు రాయండి.

1. మన సిలిండరుతో 15 మీటర్ల లోతున ఎన్ని నిమిషాలు ఉండవచ్చు? (36 వచ్చిందా?)

2. సుందరవనాల దగ్గర, గంగ సముద్రంలో కలిసే చోట, పగడపు దిబ్బలు ఎందుకు ఉండవు?

3. ఆదివారం ఉదయం 10 గంటలకు విమానం ఉంది. శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ఇంకొక్కసారి మునగవచ్చా?

మూడో ప్రశ్నకు "కూడదు, 19 గంటలే ఉంది, 24 గంటలు ఆగితే ఇంకా మంచిది" అని రాసినవాళ్ళకు నా దగ్గర పూర్తి మార్కులు. "18 దాటింది కదా, మునగవచ్చు" అన్నవాళ్ళకు కూడా సగం ఇస్తాను. కానీ వాళ్ళతో కలిసి నేను సముద్రంలోకి దిగను!